రాజుగారు వేరే ప్రశ్నకు జవాబు చెప్పారు

హేస్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం మాట్లాడే వంతు నాది. పనికి పోతూ బస్సులో వింటున్నవాళ్లకి, నైట్ షిఫ్ట్ దిగి క్యాంపులో మంచం మీద వాలి వింటున్నవాళ్లకి, అందరికీ దండాలు. విన్నది మళ్లీ చదువుకుంటామన్న వాళ్ల కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. మాది పల్నాడు, కారంపూడి దగ్గర పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. గల్ఫులో తొమ్మిదేళ్లు పనిచేశాను. తర్వాత మా ఆవిడకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాలే వచ్చాను. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్ని. ఇలాంటివాడు షేక్‌స్పియర్ గురించి మాట్లాడటమేందని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఆ నాటకంలో ఒక సీను చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సీను కథ, అది ఎందుకు నిద్ర పట్టనీయలేదన్న కథ, రెండూ చెప్తాను.

నాటకమంటే మనకు కొత్తేం కాదు కదా. మా తాత ఇంట్లో గ్రామఫోను ఉండేది. కుక్కబొమ్మ రికార్డుల మీద రాయబారం పద్యాలు తిరుగుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. తిరుపతి వేంకట కవులు రాసిన ఆ పద్యాలు తెలుగునేల మీద రాని పల్లె ఉందా? తిరనాళ్లకి స్టేజీ కట్టి తెల్లవార్లూ ఆడేవాళ్లు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి లాంటి కృష్ణుల గురించి మా తాత దేవుళ్ల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. చిత్రమేందంటే, ఆ కుక్కబొమ్మ కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ ఈ హేస్‌లోనే ఉండేది. 1907లో శంకుస్థాపన జరిగింది. తర్వాతి కాలంలో బీటిల్స్ రికార్డులు కూడా ఇక్కడే అచ్చయ్యాయి. ఇప్పుడు బ్లైత్ రోడ్డులో ఆ స్థలమంతా ఫ్లాట్లు కడుతూ వస్తున్నారు. పనికి పోతూ ఆ పక్కనుంచి నడిచినప్పుడల్లా మా తాత గుర్తొస్తాడు.

సరే, నాటకంలోకి వద్దాం. దాని పేరు ఐదో హెన్రీ. ఎలిజబెత్ రాణి ఏలుతున్న 1599లో రాశాడంటారు. అప్పటికి దాదాపు 180 ఏళ్ల కిందటి యుద్ధం కథ. ఇంగ్లాండు రాజు హెన్రీ సముద్రం దాటి ఫ్రాన్స్ మీదికి పోయి, 1415 అక్టోబరు 25న అజిన్‌కోర్ట్ అనే ఊరి దగ్గర తనకంటే పెద్ద సైన్యాన్ని ఓడించాడు. మా పెద్దమ్మాయి బడిలో ఈ నాటకం చెప్తుంటే, 1989లో కెన్నెత్ బ్రానా తీసిన సినిమా ఇంట్లో పెట్టింది. అర్థంకాని చోటల్లా ఆపి నాకు చెప్పింది. ఆ తర్వాత నేనే లైబ్రరీ నుంచి తేలిక ఇంగ్లీషులో ఉన్న పుస్తకం తెచ్చుకుని రెండుసార్లు చదివాను.

మొదట యుద్ధం ఎట్లా మొదలైందో చూడండి. చర్చి ఆస్తుల్ని రాజ్యం లాక్కునే చట్టం ఒకటి రాబోతుంటుంది. దాన్నుంచి తప్పించుకోవాలని పెద్ద బిషప్ రాజుకి యుద్ధం ఖర్చులకు డబ్బిస్తానంటాడు. ఫ్రాన్స్ సింహాసనం మీద మీకు హక్కుందని వంశవృక్షం విప్పి చెప్తాడు. అంతలో ఫ్రాన్స్ యువరాజు వెటకారంగా టెన్నిస్ బంతులు కానుక పంపిస్తాడు, ఆడుకోమని. ఇంకేముంది. ఒకరికి ఆస్తి భయం, ఒకరికి సింహాసనం మీద ఆశ, పైన ఒక అవమానం. పడవలెక్కినవాళ్లకి మాత్రం ఇవేవీ తెలియవు. మనం విమానం ఎక్కేటప్పుడు ఆ ప్రాజెక్టు ఎవరి లాభానికి కడుతున్నారో మనకు తెలుస్తుందా? వీసా వచ్చింది, అప్పు చేశాం, ఎక్కాం.

ఇక ఆ సీను. యుద్ధానికి ముందు రాత్రి. ఇంగ్లీషు సైన్యం అలసిపోయి ఉంది, రోగాలతో చాలామంది పడిపోయారు. ఎదురుగా ఫ్రెంచివాళ్ల మంటలు కనిపిస్తున్నాయి. రాజు ఒక ముసలి సర్దారు దగ్గర పైగుడ్డ అడిగి కప్పుకుని, మామూలు మనిషిలాగా సిపాయిల మధ్యకి పోతాడు. అక్కడ బేట్స్, కోర్ట్, విలియమ్స్ అని ముగ్గురు కూర్చుని ఉంటారు. ఎదురుగా ఉన్నది రాజని వాళ్లకి తెలియదు.

మన రాయబారంలో మాట్లాడేదంతా రాజులు, రాజులకు కావాల్సినవాళ్లు. పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం ఉందంటారు గానీ, అందులో ఒక్క సిపాయి కూడా స్టేజీ మీదికొచ్చి "అయ్యా, నా సంగతేంటి?" అని అడగ్గా నేను చూడలేదు. ఇక్కడ విలియమ్స్ అడుగుతాడు. ఈ యుద్ధానికి కారణం న్యాయమైంది కాకపోతే, రేపు తెగిపడే కాళ్లకీ చేతులకీ, ఇంటి దగ్గర దిక్కులేకుండా మిగిలే పెళ్లాలకీ పిల్లలకీ, తీర్చకుండా పోయే అప్పులకీ రాజు లెక్క చెప్పుకోవాల్సి ఉంటుంది గదా అంటాడు. అప్పుల మాట దగ్గర నేను సినిమా ఆపమన్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట రాసిన మనిషికి మన గోడు ఎట్లా తెలిసింది?

దానికి మారువేషంలో ఉన్న రాజు ఏం చెప్తాడు? ఒక తండ్రి కొడుకుని సరుకుతో సముద్రం మీద పంపాడనుకో, ఆ కొడుకు పాపాలు చేసి సముద్రంలో పోయాడనుకో, అది తండ్రి తప్పా? యజమాని డబ్బిచ్చి నౌకర్ని పంపితే దారిలో దొంగలు చంపారనుకో, అది యజమాని తప్పా? ఎవడి ఆత్మ వాడిది, ఎవడి పాపం వాడిది. సిపాయి ముందు తన మనసు కడుక్కోవాలి. ఇట్లా చాలాసేపు చెప్తాడు. చాలా బాగా చెప్తాడు. వింటున్న సిపాయిలు కూడా నిజమేనని తలూపుతారు.

ఇక్కడే మా అమ్మాయి ఒక మాటంది. "నాన్నా, విలియమ్స్ అడిగింది అది కాదు గదా?"

నిజమే. విలియమ్స్ అడిగింది యుద్ధం న్యాయమైనదా కాదా అని. రాజు చెప్పింది సిపాయి మంచివాడా కాదా అని. అడిగిన ప్రశ్నని పక్కకి నెట్టి, తనకు చేతనైన వేరే ప్రశ్నకి జవాబు చెప్పాడు. అంత బాగా మాట్లాడాడు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టకపోవడానికి కారణం ఇది. ఆ పని నేనూ చేశాను.

గల్ఫులో ఉన్నప్పటి మాట. ఏ దేశం, ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. అప్పుడు నేను ఫోర్‌మన్ని. స్లాబ్ వేసే రోజు. పంపు వచ్చేసింది, కాంక్రీటు లారీలు గేటు దగ్గర వరుసకట్టాయి, పైనుంచి గంటకోసారి ఫోను. సెంట్రింగ్ పని చేసే తమ్ముడొకడు, జగిత్యాల వైపువాడు, నా దగ్గరికొచ్చి అడిగాడు. "అన్నా, కింద జాకీలు ఎవరన్నా చూసిన్రా? రెండు మూడు ఒరిగినట్టు కనబడుతున్నయ్."

నేను చూడలేదు. చూడాల్సిన ఇంజనీరు పొద్దున్నుంచి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆపితే లారీల్లో మాల్ గట్టిపడుద్ది, డబ్బు నా నెత్తిన పడుద్ది. నేనేమన్నానంటే, "ముందు నీ బెల్టు ఏసుకున్నావా లేదా చూస్కో తమ్ముడూ. జాగ్రత్తగా ఉన్నోడికి ఏం కాదు."

వాడు తలూపి పైకి పోయాడు.

మధ్యాహ్నానికి ఒక మూల సెంట్రింగ్ కూలింది. ముగ్గురు పడ్డారు. ఇద్దరికి దెబ్బలతో పోయింది. ఆ తమ్ముడికి తుంటి ఎముక, కాలు విరిగాయి. ప్రాణం దక్కింది. రెండు నెలల తర్వాత ఇంటికి పంపేశారు. ప్రమాదం రిపోర్టు రాయమని నన్నే పిలిచారు. కార్మికుడు బెల్టు హుక్కు తగిలించుకోలేదు అని రాశాను. నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. జాకీల మాట అందులో లేదు.

జాకీల గురించి అడిగితే బెల్టు గురించి చెప్పాను. పన్నెండేళ్లు గడిచాక ఒక సినిమాలో రాజు అదే పని చేస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టయింది.

రాజుని పూర్తిగా చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. సిపాయిలు పోయాక ఒంటరిగా నిలబడి, అందరి బరువూ నా మీదే వేస్తారు, నాకు నిద్ర కూడా లేదు అని మొత్తుకుంటాడు. అది నాటకం కాదు, నిజంగానే బాధ. నాకూ పైనుంచి ఒత్తిడి ఉంది, అదీ నిజమే. కానీ గమనించండి. ఆ బాధ ఆయన సిపాయిల ముందు చెప్పుకోలేదు. వాళ్ల ముందు "నాకు తెలియదు, కారణం మంచిదో కాదో నాకూ అనుమానంగానే ఉంది" అని ఒక్క మాట అనలేదు. అధికారం ఉన్నవాడికి అన్నిటికంటే కష్టమైన మాట అదే. నేను ఆ రోజు "జాకీలు ఎవరూ చూడలేదు తమ్ముడూ" అని ఉంటే, మిగతాదంతా వాడే చూసుకునేవాడు. పైకి ఎక్కేవాడే కాదు.

తెల్లవారాక రాజు ఇంకో మాట చెప్తాడు. అది చాలా పేరున్న ఉపన్యాసం. ఇవాళ నాతో కలిసి నెత్తురు చిందించినవాడు, ఎంత తక్కువ పుట్టుక పుట్టినా, నాకు తమ్ముడే అంటాడు. వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పొద్దున్నే సైట్లో మనల్ని నిలబెట్టి మేనేజర్లు చెప్తారు చూడండి, మనమంతా ఒకటే టీమ్ అని, ఒకటే కుటుంబమని. దానికి పెద్దన్న లాంటి మాట.

యుద్ధం గెలిచాక చనిపోయినవాళ్ల పట్టీ రాజు చేతికొస్తుంది. ఫ్రెంచివాళ్లు పదివేల మంది. ఇంగ్లీషువాళ్లలో పేర్లు చదువుతాడు. ఒక డ్యూకు, ఒక ఎర్లు, ఒక సర్, ఒక చిన్న దొర. నలుగురు. ఇంక పేరున్నవాళ్లు ఎవరూ లేరంటాడు. మిగతావాళ్లు ఇరవై అయిదు మంది, అంతే. ఆ ఇరవై అయిదు మంది పొద్దున్న తమ్ముళ్లు. సాయంత్రానికి వాళ్లకి పేర్లు లేవు. నిజంగా పోయినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ మందని చరిత్రకారులు చెప్తున్నారు.

ఇంకో సంగతి తెలుసుకున్నాక నాకు మరీ కష్టమనిపించింది. ఆ కాలంలో సిపాయిలకి జీతాలిచ్చేవాళ్లు. విలుకాడికి రోజుకి ఆరు పెన్నీలు. జీతం కోసం పేర్లు రాసుకున్న హాజరు పట్టీలు లండన్‌లోనే క్యూలో, జాతీయ దస్తావేజుల భవనంలో ఇప్పటికీ ఉన్నాయి. అంటే మామూలు విలుకాళ్ల పేర్లు కూడా రాజుగారి ఆఫీసులో ఉన్నాయన్నమాట. జీతాల పట్టీలో పేరుంది, చావుల పట్టీలో మాత్రం అంకె అయిపోయింది.

కట్టుబడి పనివాళ్లం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. షేక్‌స్పియర్ కంపెనీ గ్లోబ్ నాటకశాల ఎట్లా కట్టారో తెలుసా? షోర్‌డిచ్‌లో పాత నాటకశాల ఉండేది. స్థలం యజమానితో లీజు గొడవ వచ్చింది. 1598 డిసెంబరు చివర్లో పీటర్ స్ట్రీట్ అనే వడ్రంగి మేస్త్రి మనుషుల్ని తెచ్చి, ఆ కలపంతా విప్పించాడు. ఆ దూలాలతోనే 1599లో థేమ్స్ నదికి అవతల గ్లోబ్ లేపారు. గొడవ కోర్టుకెక్కింది కాబట్టి మేస్త్రి పేరు మనదాకా వచ్చింది. చలిలో దూలాలు మోసినవాళ్లు ఎవరు? తెలియదు. ఇప్పుడున్న గ్లోబ్ 1997లో తెరిచింది. అక్కడ నేను అయిదు పౌండ్లిచ్చి నిలబడి ఒక నాటకం చూశాను. చూసింది తక్కువ, ఓక్ దూలాల కీళ్లు చూసింది ఎక్కువ. పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది.

మా కారంపూడిలో కూడా ఒక యుద్ధం జరిగింది, పన్నెండో శతాబ్దంలో. పల్నాటి యుద్ధం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చెప్పుకుంటాం, చాపకూడు అంటే అదే. మాల కన్నమదాసు పేరు ఇవాళ్టికీ చెప్పుకుంటాం. ఏటా కార్తీకంలో వీరుల ఆయుధాలు తెచ్చి పూజ చేస్తారు, చాపకూడు పెడతారు. ఆ యుద్ధం మంచిదని నేననను. అన్నదమ్ములు కొట్టుకుని రాజ్యం పాడుచేసుకున్న కథే అది. కానీ తమ్ముడు అన్న మాటకి ఒక కొలత ఉండాలని మాత్రం చిన్నప్పుడే మాకు తెలిసింది. పక్కన కూర్చుని తిన్నామా? పోయాక పేరు పెట్టి పిలిచామా?

విలియమ్స్ సంగతి మిగిలిపోయింది. ఆ రాత్రే ఇంకో మాట మీద ఇద్దరికీ గొడవైంది. తనను విడిపించడానికి డబ్బు కట్టొద్దని రాజు అన్నాడంటే విలియమ్స్ నమ్మలేదు. మన గొంతులు తెగాక ఆయన డబ్బు కట్టించుకుని బయటపడితే మనకేం తెలుస్తుందన్నాడు. బతికితే తేల్చుకుందామని ఇద్దరూ చేతి తొడుగులు మార్చుకున్నారు. గెలిచాక, ఆ రాత్రి మాట్లాడింది రాజని బయటపడింది. విలియమ్స్ వణికిపోవాలి కదా? వణకలేదు. మీరు మీలాగా రాలేదు, మామూలు మనిషిలా వచ్చారు, అందుకని అక్కడ జరిగింది మీ తప్పుగానే లెక్కేసుకోండి అన్నాడు. రాజు తొడుగు నిండా బంగారు నాణేలు పోసిచ్చాడు. పుస్తకం మొత్తం వెతికాను. విలియమ్స్ అడిగిన మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు ఎక్కడా లేదు.

చివర్లో ఒక మనిషి వచ్చి చెప్తాడు, ఈ రాజు కొడుకు కాలంలో గెలిచిందంతా పోయిందని. నిజంగానే హెన్రీ 1422లో ఫ్రాన్స్‌లోనే చనిపోయాడు. వయసు 35. కొడుక్కి ఏడాది కూడా నిండలేదు.

మరి మనమేం చేయాలి? ఇక్కడ ఇంగ్లాండులో పనిచేస్తున్నవాళ్లకి చట్టం సగం మాట మన వైపు చెప్తుంది, సగం మాట మనకి చెప్తుంది. 1974 నాటి భద్రతా చట్టం ప్రకారం పనిచోటు భద్రంగా ఉంచే బాధ్యత యజమానిది. తన గురించి, పక్కవాడి గురించి జాగ్రత్త పడే బాధ్యత పనివాడిది కూడా. అంటే బెల్టు ప్రశ్న తప్పుది కాదు. కానీ అది జాకీల ప్రశ్నకి జవాబు కాదు. పెద్ద ప్రమాదం ముంచుకొస్తోందని నిజంగా, సబబుగా అనిపించి పని వదిలి పక్కకి జరిగితే, అందుకని మనల్ని వేధించకూడదని 1996 ఉద్యోగ హక్కుల చట్టంలో ఉంది. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడికి ఈ మాట నోటితో చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. గల్ఫులో ఉన్నవాళ్లకి ఇంకా కష్టం. అందుకే ఈ మాట ముఖ్యంగా నాలాంటి ఫోర్‌మన్లకీ సూపర్‌వైజర్లకీ చెప్తున్నాను. కిందివాడు అడగడానికే సగం ధైర్యం ఖర్చయిపోతుంది. అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి.

ఇప్పుడు నా సైట్లో స్లాబ్ వేసే ముందు, కింద సెంట్రింగ్ పరీక్ష చేసి బరువు ఎక్కించొచ్చని సంతకం చేసిన కాగితం రావాలి. అది ఇక్కడి పద్ధతి. నేను ఆ కాగితం జేబులో పెట్టుకోను. పనివాళ్లందరికీ చూపించి, సంతకం ఎవరిదో పేరు చదువుతాను. కొంతమంది నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సినిమా చూసిన వారానికి ఆ తమ్ముడి నంబరు తెలిసినవాళ్ల ద్వారా సంపాదించి ఫోను చేశాను. ఊళ్లోనే కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కాలు ఇప్పటికీ కుంటు. నేనెవరో చెప్పాను. రిపోర్టులో ఏం రాశానో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "బెల్టు ఏసుకున్ననే అన్నా. హుక్కు తగిలిద్దామంటే ఆడ ఏం లేకుండె."

ఆ సంగతి కూడా నేను చూడలేదు.

జరిగింది జరిగినట్టు, జాకీల సంగతి, హుక్కు సంగతి అన్నీ తెలుగులో రాసి, సంతకం పెట్టి వాడికి పంపించాను. ఇన్నేళ్ల తర్వాత అది ఏ ఆఫీసులో పనికొస్తుందో, అసలు పనికొస్తుందో లేదో తెలియదు. "ఇప్పుడెందుకన్నా ఇయన్నీ" అన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పడం ఆలస్యమైంది తమ్ముడూ, అన్నాను.

ఇదండీ నేను చెప్పాలనుకున్నది. మీ సైట్లో, మీ క్యాంపులో మీరు ఒకటి అడిగితే ఇంకొకటి జవాబొచ్చిన సందర్భం ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. కంపెనీ పేర్లు, మనుషుల పేర్లు వద్దు. నాలాగా ఆ జవాబిచ్చినవాళ్లు ఉంటే, మీరూ పంపండి. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి. జాకీలు చూశారేమో అడగండి.